విద్యుత్ వాహనాలు వస్తున్నాయి: మన మెకానిక్ షెడ్ల మాటేమిటి?

(ఆటో డ్రైవర్లు, మెకానిక్‌లు, వారి కుటుంబ సభ్యులు పాల్గొన్న ఒక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక విషయం విన్నవించుకోవాలి. నేను ఇంజనీరును కాను. బి.ఏ. చదివి, ముప్పై మూడేళ్ళు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఫైళ్ళు చదవటం, లెక్కలు సరిచూడటం, నిబంధనల్లో ఏముందో వెతకటం నాకు తెలిసిన విద్య. విద్యుత్ వాహనాల గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరినప్పుడు సంకోచించాను. అయితే ఒక సంఘటన గుర్తుకు వచ్చి అంగీకరించాను.

మా వీధి చివర ఒక స్కూటర్ మెకానిక్ షెడ్డు ఉండేది. దాని యజమానిని అందరూ ఉస్తాద్ అనే పిలిచేవారు. బండి శబ్దం వినగానే కార్బొరేటర్‌లో చెత్త చేరిందా, ప్లగ్ పోయిందా అన్నది చెప్పగలిగిన మనిషి. చిన్న స్క్రూను అరచుట్టు తిప్పి, ఆగిపోతున్న బండిని గాడిన పెట్టేవాడు. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. కొత్త ద్విచక్ర వాహనాల్లో కార్బొరేటర్ స్థానంలో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఒక రోజు ఆయన నాతో, “సాబ్, బండి నాతో మాట్లాడటం మానేసింది. ఇప్పుడది కంప్యూటర్‌తోనే మాట్లాడుతుంది” అన్నాడు. తర్వాత రెండేళ్ళకు షెడ్డు మూతపడింది. ఆయన ఇప్పుడొక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్.

ఆయన నైపుణ్యంలో లోపం లేదు. మార్పు వస్తున్నదని ప్రభుత్వానికి ముందే తెలుసు, కంపెనీలకు ముందే తెలుసు. ఆయనకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు వస్తున్నది అంతకంటే పెద్ద మార్పు. ఈసారి కూడా మనకు ఎవరూ చెప్పలేదని అనుకోకూడదు. అందుకే నాకు తెలిసినంత వరకు చెప్పటానికి వచ్చాను.

ఈ మాట ఇక్కడే ఎందుకు చెప్పాలి అంటారేమో. 2006 నవంబరులో ప్రధానమంత్రికి సమర్పించిన సచార్ కమిటీ నివేదిక, ముస్లిం కార్మికులు ఎక్కువగా ఆధారపడిన ఉపాధుల్లో మోటారు వాహనాల విక్రయం, మరమ్మతు కూడా ఉన్నాయని గుర్తించింది. నెలజీతం ఉద్యోగాల్లో మన వాటా తక్కువ, స్వయం ఉపాధిలో ఎక్కువ అనీ చెప్పింది. పంక్చర్ షాపు, బ్యాటరీ షాపు, వైండింగ్ షాపు, డెంటింగ్ పెయింటింగ్ షెడ్డు, ఆటో స్టాండు – ఇవే ఎన్నో ఇళ్ళకు అన్నం పెడుతున్నాయి. కాబట్టి వాహనం మారితే మన ఇంటి పొయ్యి మీద దాని ప్రభావం ఉంటుంది.

పెట్రోలు బండి కంటే పాతది

విద్యుత్ వాహనం నిన్న మొన్నటి ఆవిష్కరణ అని చాలామంది అనుకుంటారు. వాస్తవం వేరు. 1859లో ఫ్రాన్స్‌కు చెందిన గాస్టన్ ప్లాంటే సీసపు పలకలు, ఆమ్లంతో మళ్ళీ మళ్ళీ ఛార్జి చేయగల బ్యాటరీని తయారు చేశాడు. మీ షాపుల్లో నేడున్న లెడ్ యాసిడ్ బ్యాటరీకి అదే మూలపురుషుడు. 1881లో గుస్తావ్ త్రూవే పారిస్ వీధుల్లో బ్యాటరీతో నడిచే మూడు చక్రాల బండిని నడిపాడు. అంటే తొలి విద్యుత్ వాహనాల్లో ఒకటి మన ఆటోలాంటి మూడు చక్రాల బండే. కార్ల్ బెంజ్ పెట్రోలు బండికి పేటెంటు పొందింది ఆ తరువాత, 1886లో. గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని మొదట దాటిన రోడ్డు వాహనం కూడా విద్యుత్ వాహనమే. 1899లో బెల్జియం దేశస్థుడు కమీల్ జెనాట్జీ దానిని నడిపాడు. 1900 ప్రాంతంలో అమెరికాలో తయారైన కార్లలో సుమారు మూడో వంతు బ్యాటరీ కార్లే.

మరి అవి ఎందుకు కనుమరుగయ్యాయి? బ్యాటరీ బరువు ఎక్కువ, అది ఇచ్చే దూరం తక్కువ. పట్టణం దాటితే ఛార్జింగుకు కరెంటు లేదు. పెట్రోలు చవకగా దొరికింది. 1908లో హెన్రీ ఫోర్డ్ మోడల్-టి కారుతో ధరను తగ్గించాడు. అప్పటికీ పెట్రోలు కారుకు ఒక పెద్ద ఇబ్బంది ఉండేది. ముందు నిలబడి ఇనుప హ్యాండిల్‌ను చేత్తో తిప్పాలి, అది ఎదురు తిరిగితే చెయ్యి విరిగేది. 1912లో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన సెల్ఫ్ స్టార్టర్ క్యాడిలాక్ కార్లలో వచ్చి ఆ బాధ తీర్చింది. ఆ సెల్ఫ్ స్టార్టర్ ఏమిటి? ఒక చిన్న బ్యాటరీతో తిరిగే విద్యుత్ మోటారు. విద్యుత్ కారును బజారు నుండి తరిమివేయటంలో ఒక విద్యుత్ మోటారుకే వాటా ఉండటం చరిత్రలోని విచిత్రం.

రెండు ఎద్దుల బండి

హైబ్రిడ్ అనే మాట ఈ మధ్య ప్రకటనల్లో తరచు వినిపిస్తున్నది. ఒకే బండిని ఇంజిన్, మోటారు అనే రెండు ఎద్దులతో లాగించటమే హైబ్రిడ్. ఇదీ పాత ఆలోచనే. 1900లో ఫెర్డినాండ్ పోర్షే అనే యువ ఇంజనీరు వియన్నాలోని లోనర్ సంస్థలో పనిచేస్తూ చక్రాల లోపలే మోటార్లు అమర్చిన కారును తయారు చేశాడు. బ్యాటరీ బరువు సమస్యగా మారటంతో అదే కాలంలో పెట్రోలు ఇంజిన్‌తో డైనమో తిప్పి, ఆ కరెంటుతో చక్రాల మోటార్లను నడిపే వాహనాన్ని రూపొందించాడు. ఇంజిన్‌కు చక్రంతో నేరుగా సంబంధం లేని ఈ పద్ధతిని సిరీస్ హైబ్రిడ్ అంటారు. మన డీజిల్ రైలు ఇంజన్లలో అత్యధికం ఈ సూత్రం మీదే నడిచాయి. డీజిల్ ఇంజిన్ కరెంటు పుట్టిస్తుంది, మోటార్లు చక్రాలను తిప్పుతాయి. తేడా ఒక్కటే, వాటిలో రైలును నడిపే పెద్ద బ్యాటరీ ఉండదు.

ఆ తర్వాత దాదాపు వంద సంవత్సరాలు హైబ్రిడ్ కార్లు పెద్ద ఎత్తున బజారులోకి రాలేదు. 1973 చమురు సంక్షోభం ప్రపంచాన్ని మేల్కొలిపింది. 1997 డిసెంబరులో జపాన్‌లో టయోటా సంస్థ ప్రియస్ అనే కారును బజారులోకి తెచ్చింది. పెద్ద సంఖ్యలో తయారై అమ్ముడైన మొదటి హైబ్రిడ్ కారు అదే. ఆ బృందానికి తకేషి ఉచియమాడా నాయకత్వం వహించారు.

ఇక్కడ ఉన్న మెకానిక్ సోదరులకు అందులోని గేరు ఏర్పాటు తప్పక నచ్చుతుంది. నడుమ ఒక చిన్న గేరు, దాని చుట్టూ తిరిగే కొన్ని గేర్లు, వాటన్నిటికీ వెలుపల పళ్ళున్న ఒక వలయం. నడుమ గేరుకు ఒక జనరేటరు, చుట్టూ తిరిగే గేర్ల చట్రానికి ఇంజిన్, బయటి వలయానికి పెద్ద మోటారు, దాని ద్వారా చక్రాలు. ఇంజిన్ శక్తిలో కొంత నేరుగా చక్రానికి, కొంత కరెంటుగా మారి మోటారుకు వెళుతుంది. వేగాన్ని బట్టి ఈ పంపకం ఎప్పటికప్పుడు మారుతూ ఉంటుంది. మామూలు గేరుబాక్సూ లేదు, క్లచ్ ప్లేటు మార్చే పనీ లేదు. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోతుంది. బ్రేకు వేసినప్పుడు మోటారే డైనమోగా మారి, వేడిగా వృథా అయ్యే శక్తిలో కొంత భాగాన్ని బ్యాటరీకి తిరిగి ఇస్తుంది. ఊరిలో, ఆగుతూ సాగే రద్దీలో హైబ్రిడ్ ఎక్కువ మైలేజీ ఇవ్వటానికి కారణమిదే.

మన దేశంలో 2015 నుండి ‘మైల్డ్ హైబ్రిడ్’ కార్లు వచ్చాయి. వాటిలో మోటారు ఇంజిన్‌కు చేయూత ఇస్తుందే గాని ఒంటరిగా బండిని నడపదు. 2022 నుండి మధ్యతరగతి వారు కొనే పెద్ద కార్లలోనూ పూర్తి స్థాయి హైబ్రిడ్‌లు వచ్చాయి. వారంటీ గడువు తీరిన ఈ కార్లు ఒక్కొక్కటే మీ షెడ్డు ముందుకు వస్తాయి. వాటికి బానెట్ తెరిచే ముందు తెలుసుకోవలసిన జాగ్రత్త ఒకటుంది, తరువాత చెబుతాను.

బ్యాటరీ కథ

మోటారు నూరేళ్ళ క్రితమే సిద్ధం. ఆలస్యమంతా బ్యాటరీ దగ్గరే జరిగింది. సీసపు బ్యాటరీ ఒక కిలో బరువుకు 30 నుండి 40 వాట్-అవర్ల శక్తి నిల్వ చేస్తుంది. లిథియం-అయాన్ బ్యాటరీలో అదే కిలోకు రకాన్ని బట్టి 150 నుండి 250 దాకా వస్తుంది. ఈ తేడాయే నేటి మార్పుకు పునాది.

1970లలో స్టాన్లీ విటింగ్‌హామ్, 1980లో జాన్ గుడినఫ్, 1985లో జపాన్‌కు చెందిన అకిరా యోషినో ఒకరి తరువాత ఒకరు ఈ బ్యాటరీని తీర్చిదిద్దారు. 1991లో సోనీ సంస్థ దానిని బజారులోకి తెచ్చింది. ఆ ముగ్గురికీ 2019లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. నోబెల్ బహుమతిని ముగ్గురికి మించి పంచరు. ఆ జాబితాలో లేని ఒక పేరును ఇక్కడ తలచుకోవాలి. మొరాకోలోని ఫెజ్ నగరంలో జన్మించిన రషీద్ యజామీ, బ్యాటరీలో ఒక ధ్రువంగా గ్రాఫైట్‌ను వాడవచ్చని చేసిన పరిశోధన లేకుండా మన జేబుల్లోని ఫోను బ్యాటరీ కూడా ఇలా ఉండేది కాదు. 2014లో అమెరికా ఇంజనీరింగ్ అకాడమీ ఇచ్చే డ్రేపర్ బహుమతిని గుడినఫ్, యోషినో, నిషిలతో పాటు ఆయనా అందుకున్నారు. ఆటోలలో, బస్సులలో నేడు విరివిగా వాడుతున్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకాన్ని 1997లో లోకానికి తెలిపిన పరిశోధన పత్రంలో గుడినఫ్‌తో పాటు పాధి, నంజుండస్వామి అనే ఇద్దరు భారతీయుల పేర్లున్నాయి. ఈ రకంలో కోబాల్ట్, నికెల్ ఉండవు. వేడిని తట్టుకోవటంలోనూ ఇది మెరుగు.

కోబాల్ట్ మాట వచ్చింది కాబట్టి ఒక చేదు నిజం చెప్పాలి. ప్రపంచంలో తవ్వే కోబాల్ట్‌లో సగానికి మించి ఆఫ్రికాలోని కాంగో దేశానిదే. అక్కడి కొన్ని గనుల్లో పిల్లలు కూడా పని చేస్తున్నారని మానవ హక్కుల సంస్థలు ఎన్నోసార్లు బయటపెట్టాయి. పొగ రాని బండి అంటే పాపం అంటని బండి అని కాదు. మన కరెంటులో ఎక్కువ భాగం నేటికీ బొగ్గు నుండే వస్తున్నది. అయినా ఇరుకు బజారులో ట్రాఫిక్ మధ్య రోజంతా గడిపే డ్రైవరు ఊపిరితిత్తులకు పొగ లేని బండి మేలే చేస్తుంది.

ధర సంగతి కూడా వినండి. 2010 ప్రాంతంలో ఒక యూనిట్ కరెంటు నిల్వ చేసే లిథియం బ్యాటరీకి ప్రపంచ సగటు ధర 1,000 డాలర్లకు పైనే. 2024 నాటికి అది 115 డాలర్లకు పడిపోయింది. ఈ పతనం ఏ ప్రభుత్వం కాదన్నా ఆగదు. అందుకే ఈ మార్పు వస్తుందా రాదా అన్న చర్చ అనవసరం.

మన దేశంలో

2001లో బెంగుళూరు నుండి రేవా అనే చిన్న విద్యుత్ కారు వచ్చింది. కాని మన దేశంలో విద్యుత్ వాహనాన్ని సామాన్యుని వద్దకు తెచ్చింది కారు కాదు, ఈ-రిక్షా. నిబంధనలు లేని కాలంలోనే అది ఉత్తరాది పట్టణాల్లో వేల సంఖ్యలో తిరిగింది. 2014లో ఢిల్లీ హైకోర్టు నిషేధించింది. 2015లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి పార్లమెంటు దానికి గుర్తింపు ఇచ్చింది. పేదవాడు ముందు బ్రతుకుతెరువు వెతుక్కున్నాడు, చట్టం వెనుక వచ్చింది.

పొరుగున నేపాల్ రాజధాని కాఠ్మాండులో 1990లలోనే ‘సఫా టెంపో’ పేరుతో బ్యాటరీ మూడు చక్రాల బండ్లు వచ్చాయి. పొగ కక్కే డీజిల్ టెంపోలను 1999లో అక్కడ నిషేధించారు. గమనించదగిన సంగతి ఏమంటే ఆ సఫా టెంపోలను నడిపినవారిలో స్త్రీలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఈ సభలో ఉన్న సోదరీమణులు ఈ ఉదాహరణను మనసులో ఉంచుకోవాలి.

కేంద్రం 2015లో ఫేమ్ పథకాన్ని, 2019లో దాని రెండో దశను, 2024 అక్టోబరు 1 నుండి పీఎం ఈ-డ్రైవ్‌ను తెచ్చింది. విద్యుత్ వాహనాలపై జీఎస్టీని 2019 ఆగస్టు నుండి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు నుండి 2026 డిసెంబరు ఆఖరు వరకు విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించింది. మహబూబ్‌నగర్ సమీపంలోని దివిటిపల్లి వద్ద 2023లో ఒక పెద్ద లిథియం బ్యాటరీ కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. తిరుమల కొండ మీదికి 2022 నుండి విద్యుత్ బస్సులు తిరుగుతున్నాయి. ఘాట్ రోడ్డు ఎక్కగలిగిన బండి మన బజారు రోడ్డు మీద నడవదా?

డ్రైవరు సోదరులకు ఒక లెక్క

ఇది నా సొంత విద్య కాబట్టి ధైర్యంగా చెబుతాను. రోజుకు 100 కిలోమీటర్లు తిరిగే పెట్రోలు ఆటో లీటరుకు 25 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. 4 లీటర్లు కావాలి. లీటరు 105 రూపాయల చొప్పున 420 రూపాయలు. అదే దూరానికి విద్యుత్ ఆటోకు సుమారు 8 యూనిట్లు పడతాయనుకుందాం. యూనిట్ 8 రూపాయలైతే 64 రూపాయలు. రోజుకు 356 రూపాయల మిగులు, నెలకు 25 రోజులకు 8,900. చూడటానికి బాగుంది. ప్రకటనలో లెక్క ఇక్కడే ఆగుతుంది. మన లెక్క ఇక్కడ ఆగకూడదు.

బ్యాటరీ ఎప్పటికైనా మార్చాలి. ఐదేళ్ళకు లక్ష రూపాయలు అవుతుందనుకుంటే నెలకు 1,667 రూపాయలు పక్కన పెట్టాలి. అప్పుడు మిగులు 7,233. కొత్త ఆటో వాయిదా పాత ఆటో వాయిదా కంటే ఎంత ఎక్కువో అది ఇందులోంచి తీసేయాలి. మీది గ్యాస్ ఆటో అయితే ఇంధనం తేడా ఇంకా తక్కువ. ఈ అంకెలు ఉదాహరణకు చెప్పినవి. మీ ఊరి ధరలు, మీ మైలేజీ వేసుకొని ఇంట్లో కూర్చొని లెక్క కట్టండి.

అన్నిటికంటే ముఖ్యమైనది వడ్డీ. ‘ఫ్లాట్ 10 శాతమే’ అంటూ అప్పు ఇస్తారు. 3 లక్షల అప్పు, 3 సంవత్సరాలు, ఫ్లాట్ 10 శాతం అంటే వడ్డీ 90,000, నెల వాయిదా 10,833 రూపాయలు. మీరు నెలనెలా అసలు కొంత తీర్చుతూనే ఉన్నా వడ్డీ మాత్రం మొదటి రోజు అసలు మీదే వేస్తున్నారు. తగ్గే అసలు మీద వడ్డీ వేసే బ్యాంకు లెక్కలోకి మారిస్తే ఇది దాదాపు 18 శాతం. సంతకం పెట్టే ముందు “ఇది ఫ్లాటా, తగ్గే అసలు మీదా?” అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో ఎదుటివారి గొంతు మారటం మీరే గమనిస్తారు.

మరికొన్ని ప్రశ్నలు అడగాలి. బ్యాటరీ నా పేరు మీద ఉందా, అద్దెదా? వారంటీ ఎన్ని సంవత్సరాలు, ఎన్ని కిలోమీటర్లు, ఏది ముందు తీరితే అది చెల్లుతుందా? సర్వీసు కేంద్రం మన ఊళ్ళో ఉందా? కంపెనీ మూతపడితే విడిభాగాలు ఎవరిస్తారు?

ఈ చివరి ప్రశ్న ఊరికే అడగలేదు. 1996 నుండి అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ ఈవీ-1 అనే మంచి విద్యుత్ కారును తయారు చేసింది. అమ్మలేదు, లీజుకు మాత్రమే ఇచ్చింది. నడిపినవారు దానిని మెచ్చారు. అయినా సంస్థ పథకాన్ని నిలిపివేసి, వాహనాలను వెనక్కి తీసుకొని, వాటిలో అత్యధికం తుక్కు చేసింది. కొంటాం, మా దగ్గరే ఉంచండి అని వాడినవారు వేడుకున్నా వినలేదు. కాగితం మీద యాజమాన్యం లేనివాడికి బండి మీద మాట చెల్లదు.

మెకానిక్ సోదరులకు

దాచకుండా చెబుతాను. విద్యుత్ బండిలో ఇంజిన్ ఆయిల్ లేదు. పిస్టన్, వాల్వు, ప్లగ్, సైలెన్సర్ లేవు. ఇంజిన్ బోరింగ్ పని పోతుంది. మిగిలేది తక్కువేమీ కాదు. బ్రేకులు, సస్పెన్షన్, బేరింగులు, స్టీరింగు, టైర్లు, బాడీ పని అలాగే ఉంటాయి. కొత్తగా వచ్చేవి వైరింగు, కంట్రోలర్, మోటారు, ఛార్జరు, బ్యాటరీలో చెడిన సెల్‌ను గుర్తించటం. మోటారు వైండింగ్ చేసేవారికి ఇందులో సగం విద్య ముందే వచ్చు. మల్టీమీటర్ పట్టుకోవటం తెలిసిన కుర్రవాడు మిగతాది నేర్చుకోగలడు.

ఇందాక చెప్పిన జాగ్రత్త ఇదే. హైబ్రిడ్ కారులోని పెద్ద బ్యాటరీ మనం ఎరిగిన 12 వోల్టుల బ్యాటరీ లాంటిది కాదు. దాని వోల్టేజీ అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. డి.సి. కరెంటు, పట్టుకుంటే ప్రాణం తీస్తుంది. నారింజ రంగు తొడుగు ఉన్న తీగ కనబడితే చెయ్యి వెనక్కి తీసుకోండి. శిక్షణ పొంది, తగిన రబ్బరు చేతి తొడుగులు వేసుకొని, సర్వీసు ప్లగ్ తీసి, కంపెనీ చెప్పినంత సేపు ఆగి, మీటరుతో సరిచూసుకున్నాకే పని మొదలుపెట్టాలి. షెడ్డులోని చిన్న పిల్లవాడికి “చోటూ, ఆ తీగ లాగు” అని పని అప్పగించే అలవాటుకు ఇక స్వస్తి చెప్పాలి. ఆ పిల్లవాడు ఉండవలసింది బడిలో.

రెండో జాగ్రత్త నిప్పు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలోనూ, నిజామాబాద్‌లోనూ ఇంట్లో ఛార్జి పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు మరణించారు. ఆ తర్వాత ప్రభుత్వం బ్యాటరీ పరీక్షల ప్రమాణాలను కఠినం చేసింది. అయినా పడుకునే గదిలో, బయటికి వెళ్ళే దారిలో ఛార్జి పెట్టవద్దు. ఆ బండికి ఇచ్చిన ఛార్జరే వాడండి. తడిసిన, ఉబ్బిన, దెబ్బ తిన్న బ్యాటరీని ఇంట్లో ఉంచవద్దు. చవకగా వస్తుందని ఎవరో అతికించి ఇచ్చిన ప్యాక్‌ను కొనవద్దు. అలాగే పాత సీసపు బ్యాటరీలను పెరట్లో పగలగొట్టి కరిగించే పని మానాలి. ఆ సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించి శుద్ధి చేయించే బాధ్యత తయారీదారులదే.

మరమ్మతు హక్కు

ఇక అసలు విషయానికి వస్తాను. రేపటి బండిలో లోపం ఎక్కడుందో చెప్పేది సాఫ్ట్‌వేర్. దాని తాళంచెవి కంపెనీ దగ్గరే ఉంటే ఎంత శిక్షణ పొందినా మన మెకానిక్ తలుపు బయటే నిలబడాలి. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర ప్రజలు 2012లో ఓటు వేసి, కారు కంపెనీలు తమ డీలర్లకు ఇచ్చే మరమ్మతు సమాచారాన్ని స్వతంత్ర మెకానిక్‌లకూ ఇవ్వాలన్న నియమాన్ని సాధించుకున్నారు. 2020లో మళ్ళీ ఓటు వేసి దానిని వాహనం గాలిలో పంపే సమాచారానికి కూడా విస్తరించారు. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కుపై ఒక కమిటీని నియమించి, ఆ ఏడాది చివర ఒక పోర్టల్‌ను ప్రారంభించింది. అందులో చేర్చిన రంగాల్లో మోటారు వాహనాలూ ఉన్నాయి. పోర్టల్ ఉండటం వేరు, కంపెనీని బాధ్యుణ్ణి చేసే చట్టం ఉండటం వేరు. ఆ చట్టం కావాలని అడగవలసింది మీరే. మెకానిక్‌ల సంఘాలు ఎమ్మెల్యేలకు, ఎంపీలకు ఇచ్చే వినతిపత్రంలో మొదటి వాక్యం ఇదే కావాలి.

రెండో వాక్యం శిక్షణ గురించి. ఐటీఐలలో ‘మెకానిక్ ఎలక్ట్రిక్ వెహికల్’ అనే ట్రేడ్ వచ్చింది. పదో తరగతి పాసైన మీ పిల్లలను దాని గురించి విచారించమనండి. బడికి వెళ్ళకుండానే పని నేర్చిన పెద్దవారి నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు కూడా కేంద్ర నైపుణ్య శిక్షణ పథకంలో ఉంది. ఇరవై ఏళ్ళ అనుభవానికి ఒక్క కాగితం లేక విలువ లేకుండా పోవటం అన్యాయం. ఆ కాగితం మన షెడ్లకు దగ్గరలో, సాయంత్రం వేళల్లో, మనకు వచ్చిన భాషలో దొరకాలని అడగండి.

మూడో వాక్యం పెట్టుబడి గురించి. ముద్ర రుణాలు, జాతీయ మైనారిటీల అభివృద్ధి ఆర్థిక సంస్థ ద్వారా వచ్చే రుణాలు, రాష్ట్ర మైనారిటీ ఆర్థిక సంస్థల పథకాలు ఉన్నాయి. వాటిలో మీటర్లు, స్కానర్లు, భద్రతా సామగ్రి కొనటానికి, షెడ్డులో ఛార్జింగ్ పాయింటు పెట్టటానికి వీలు కల్పించాలి.

ఒక గుమాస్తాగా నా అనుభవం చెప్పి ముగిస్తాను. ఒకసారి నా బల్ల మీదికి ఒక వర్క్‌షాపు యజమాని రుణం దరఖాస్తు వచ్చింది. మనిషి యోగ్యుడు, పని ఉంది, అద్దె రసీదులు కూడా ఉన్నాయి. షాపుకు నమోదు పత్రం మాత్రం లేదు. తెచ్చేలోగా గడువు దాటింది. నిబంధన ప్రకారం తిరస్కరించమని నేనే నోట్ రాశాను. తప్పు చేయలేదు, కాని ముందు రోజే పిలిచి చెప్పగలిగి ఉండీ చెప్పలేదు. ఆ నోట్ కింది నా సంతకం ఇప్పటికీ నన్ను అడుగుతూనే ఉంటుంది. పదవీ విరమణ తర్వాత ఊరూరా తిరిగి ఫారాలు నింపిపెట్టటం అప్పుడే మొదలుపెట్టాను.

అందుచేత ఇంటికి వెళ్ళగానే మూడు పనులు చేయండి. మీ షెడ్డును ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు చేయించండి, దానికి రుసుము లేదు. ఈ-శ్రమ్ కార్డు లేనివారు తీసుకోండి. మీ షెడ్డులో చురుకైన ఒక్క కుర్రవాణ్ణి విద్యుత్ వాహన శిక్షణకు పంపండి. అతడు నేర్చుకొని వచ్చి నలుగురికి నేర్పుతాడు. ఫారాలు నింపటం రాకపోతే, ఈ సభ ముగిశాక ఆ మూల బల్ల దగ్గర కళ్ళజోడు పెట్టుకొని కూర్చొని ఉంటాను. ఆధార్ కార్డు, బ్యాంకు పాసు పుస్తకం తెచ్చుకొని రండి.

మా వీధి ఉస్తాద్ కూడా ఈ రోజు వచ్చి వెనుక వరుసలో కూర్చున్నారు. ఆయన చెవికి తెలిసిన విద్య ఇక అక్కరకు రాకపోవచ్చు. లోపం ఎక్కడుందో ఓపికగా వెతికే ఆయన బుద్ధి మాత్రం ఏ బండికైనా కావలసిందే. మొదటి ఫారం ఆయనదే నింపుతాను.